రెండో కాగితం

లాల్‌బీ మార్టూరు నుంచి వచ్చేసరికి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే పరుపుకి చెరో పక్కన కూర్చుని టాకాలు వేస్తున్నారు. యాస్మిన్ ఇటునుంచి దబ్బనం గుచ్చితే, సిద్దికా అటునుంచి అందుకుని దారం బిర్రుగా లాగి, ముడేసి, మళ్ళీ ఇటు నెడుతోంది. నెలలు నిండిన పొట్ట అడ్డం వస్తున్నా ఆమె చెయ్యి తడబడటం లేదు. రేకుల వెనక యాస్మిన్ మొగుడు ఆదాం దూది ఏకే మిషను ఆడిస్తున్నాడు. ఆ మోతలో దర్శి ఊరి బయట అద్దంకి రోడ్డు మీద పోయే లారీల హారన్లు కూడా కలిసిపోతున్నాయి. పుట్టు చెవిటిదైన సిద్దికాకి ఆ గోల లేదు. చెల్లెలితో మాట్లాడాలంటే యాస్మిన్‌కి చేతులు ఖాళీగా ఉంటే చాలు.

"ఆ మిషను కాసేపు ఆపమనమ్మాయ్!" గుమ్మంలో చెప్పులు విడుస్తూ అరిచింది లాల్‌బీ.

యాస్మిన్ అరచేత్తో రేకు మీద రెండు దెబ్బలు వేసింది. మోత ఆగింది. సిద్దికా అత్తగారిని చూసి నుదుటికి చెయ్యెత్తి సలాం చేసి, స్టూలు లాగబోయింది. లాల్‌బీ ఆమె తల మీద చెయ్యేసి, వద్దన్నట్టు కూర్చోబెట్టి, యాస్మిన్ వైపు తిరిగింది. ఆ తర్వాత కోడలి మొహం వంక మళ్ళీ చూడలేదు.

"రేపేనా ఆపరేషను?"

"రేపు సాయంత్రం చేరమన్నారత్తా. ఎల్లుండి పొద్దున చేస్తారంట. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, నొప్పులదాకా ఆగొద్దన్నారు."

"ఎటూ కోస్తన్నారు గదా." లాల్‌బీ వక్కపలుకు బుగ్గలోకి తోసుకుంది. "ఆ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను కూడా అప్పుడే చేయించేద్దాం. ఒక్క కోతతో పోద్ది."

యాస్మిన్ చేతిలో దబ్బనం పరుపులో సగానికి ఆగింది. "ఇది మొదటి కాన్పే గదత్తా."

"మొదటిదే. అందుకే ముందే చెప్తన్నా. మావాడికి చెవుల్లేవు, దీనికీ లేవు. పుట్టేది ఎట్టా ఉంటదో పైవాడికి తెలవాల. ఒకర్నంటే ఏదో తంటాలు పడి సాకుతాం. ఇంటినిండా అట్టాంటోళ్ళే పుడితే? పత్తి విత్తనం తేడా వచ్చిందని తెలిశాక మళ్ళీ అదే విత్తనం ఎవరన్నా ఏస్తారా చెప్పు? నేను పోయాక వీళ్ళని ఎవరు చూస్తారు, నువ్వు చూస్తావా?"

సిద్దికా అక్క మోకాలు మీద తట్టింది. బుగ్గ ఉబ్బించి, అరచెయ్యి తిప్పింది. బుగ్గ ఉబ్బిస్తే అత్తగారని గుర్తు. ఏమంటోంది?

"బాగా తింటున్నావా అంటోంది," అని చేతులతో చెప్పింది యాస్మిన్.

సిద్దికా సంబరపడి మూడు వేళ్ళు చూపించింది. పొద్దున మూడు రొట్టెలు తిన్నానని. లాల్‌బీకి కూడా కనపడేలా ఆ మూడు వేళ్ళూ అటు తిప్పింది.

"ఏమంటంది?"

"తింటున్నానంటోంది."

పెద్ద మాటని చిన్నది చేయడం, చేదు మాట తగిలితే అక్కడికక్కడ మింగేయడం యాస్మిన్‌కి అలవాటే. అది అబద్ధమని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"వాడికి నేను చెప్పలేను," అంది లాల్‌బీ లేస్తూ. "ముప్పై ఏళ్ళు వచ్చినాయి వాడికి, ఇప్పటికీ నా చేతులకి ఆ సైగలు రావు. నువ్వే చెప్పాల. నువ్వు చెప్తే నీ చెల్లెలు కాదనదు."

సాయంత్రం ముక్కుకి కట్టుకున్న తువ్వాలు విప్పి దూది దులుపుకుంటూ ఆదాం అడిగాడు. "లాల్‌బీ మాట విన్నాలే. సిద్దికాకి చెప్పావా?"

"చెప్తా."

"చెప్పు మరి. కడుపు దానిది."

*

గుంటూరు బ్రాడీపేటలో ఆ నర్సింగ్ హోం కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉంది. మెట్ల మీద పుస్తకాల సంచులతో పిల్లలు కూర్చుని సమోసాలు తింటున్నారు. వాళ్ళని తప్పించుకుంటూ, చెల్లెలి నడుం చుట్టూ చెయ్యేసి పైకెక్కించింది యాస్మిన్. వెనకాల సిద్దికా మొగుడు షానవాజ్ సంచులు మోసుకొచ్చాడు. మార్టూరులో రాయి పాలిష్ పట్టే మిల్లు నుంచి నేరుగా వచ్చాడతను. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో తెల్లటి రాతిపొడి పోలేదు.

"చెవిటామె తాలూకు ఎవరండీ?" కౌంటర్లోంచి కేక వినపడింది.

యాస్మిన్ లేచి నిలబడింది. స్కానింగ్ దగ్గరా అదే కేక. ఆధార్ సెంటర్లో, బ్యాంకులో, చివరికి గాజుల కొట్లో కూడా అదే. కేకకి లేచే మనిషి తనే. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్న చెల్లెల్ని చూసింది. ఆ పక్కన అలాంటి బిడ్డే ఒకటి, దాని పక్కన ఇంకోటి, వాళ్ళందరి వెనకాల నెరిసిన జుట్టుతో తను, ఏ కౌంటర్ దగ్గరైనా లేచి నిలబడుతూ. ఆ ఊహకి ఒళ్ళంతా అలసట కమ్మింది.

డాక్టర్ జయకుమారి స్కాన్ ఫిల్ములు వెలుతురుకెత్తి చూసి, తల ఊపి, పక్కన పెట్టింది. లాల్‌బీ అప్పటికే ఆవిడతో మాట్లాడి ఉంది.

"చూడమ్మా, ఫస్ట్ డెలివరీకే ట్యూబెక్టమీ నేను మామూలుగా చెయ్యను. ఎవరడిగినా పొమ్మంటాను. మీ కేసు వేరు. పేరెంట్స్ ఇద్దరూ బై బర్త్ డెఫ్. రిస్క్ ఉంది. అలాంటి పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని కంటే వాళ్ళకీ కష్టం, చూసేవాళ్ళకీ కష్టం."

ఆవిడ గొంతులో చిరాకేమీ లేదు. దయగానే చెప్పింది.

"టెస్టు చేస్తే తెలుస్తుందంటారు గదా మేడం?"

"శాంపిల్ హైదరాబాద్ పంపాలి. ఇప్పుడు పంపితే ఎప్పటికొచ్చేను? రేపు పొట్ట తెరుస్తున్నాం, అయిదు నిమిషాల పని." ఇంగ్లీషులో అచ్చేసిన రెండు కాగితాలు టేబుల్ మీద ఇటు జరిపింది. "సంతకం మాత్రం ఆవిడే పెట్టాలి. అర్థమయ్యేలా చెప్పి పెట్టించండి. అది మీ బాధ్యత."

యాస్మిన్‌కి తన రెండో కాన్పు గుర్తొచ్చింది. ఒంగోలు పెద్దాసుపత్రిలో నర్సు మూడుసార్లు వచ్చి మంచం పక్కన నిలబడి అడిగింది, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను నీకిష్టమేనా, ఎవరన్నా బలవంతం పెడుతున్నారా అని. మూడోసారి విసుక్కుంది కూడా తను.

సిద్దికా స్టూలు మీద కూర్చుని ఒక నోటి నుంచి ఇంకో నోటికి చూపు మారుస్తోంది. షానవాజ్ చెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఇద్దరి కళ్ళూ ఇప్పుడు యాస్మిన్ చేతుల మీద ఆగాయి.

యాస్మిన్ చేతులెత్తింది. 'ఇక పిల్లలు పుట్టరు' అని చెప్పడానికి వాళ్ళ సైగల్లో కష్టమేమీ లేదు. చేతుల్లో పసిబిడ్డని ఊపినట్టు ఊపి, ఆ చేతులు విడదీసి అడ్డంగా ఆడించాలి. ఆమె బిడ్డని ఊపింది. సిద్దికా కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూశాక చేతులు విడదీయలేకపోయింది.

"రేపు బిడ్డని తీస్తారు. సంతకం పెట్టు."

సిద్దికా కాగితాలు చూసి రెండు వేళ్ళెత్తింది. రెండెందుకు?

"ఒకటి నీకు. ఒకటి బిడ్డకి."

సిద్దికా నవ్వింది. చెవిటిపిల్లల బడిలో అయిదేళ్ళు చదివిన చదువు మీద గర్వమంతా ఆమె సంతకంలో ఉంటుంది. మొదటి కాగితం మీద మామూలుగా పెట్టింది. రెండోదాని మీద, బిడ్డ కాగితం మీద, ఒక్కో అక్షరాన్నీ గుండ్రంగా దిద్ది, కింద గీత గీసి, తల వెనక్కి వాల్చి చూసుకుంది. షానవాజ్‌కి కూడా చూపించింది. అతను బొటనవేలెత్తాడు.

"అర్థమైందా ఆవిడకి?" పెన్ను మూత పెడుతూ అడిగింది డాక్టరు.

"అయింది మేడం."

*

ఆడపిల్ల. మూడు కిలోల చిల్లర. ఒళ్ళంతా ఎర్రగా, తల నిండా జుట్టు.

దర్శి నుంచి పొద్దున్నే వచ్చిన ఆదాం బిడ్డని రెండు చేతుల్లోకి తీసుకుని, కుడి చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అజాన్ చదివాడు. షానవాజ్ పక్కనే నిలబడి, తోడల్లుడి పెదాల కదలిక వంక రెప్ప వేయకుండా చూశాడు. ఆ పిలుపు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అయిపోయాక తను కూడా వంగి, అదే చెవి మీద పెదాలు ఆనించి, మాట లేకుండా కాసేపు అలాగే ఉన్నాడు. బిడ్డ నిద్రలోనే మొహం చిట్లించింది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి చిన్న మిషను పట్టుకొచ్చింది. బిడ్డ చెవిలో మెత్తటి బిరడా లాంటిది పెట్టి, తెర వంక చూస్తూ కూర్చుంది. తీసి మళ్ళీ పెట్టింది. రెండో చెవికి పెట్టింది. గదిలో ఫ్యాను తప్ప ఏదీ కదలటం లేదు.

"రెండు చెవులకీ సరిగ్గా రావట్లేదండీ. పుట్టిన కొత్తలో ఒక్కోసారి ఇట్లా వస్తుంది. నెలకి మళ్ళీ చేయించాలి." తెర ఆపేసింది. "అమ్మానాన్నలిద్దరికీ వినపడదన్నారు కాబట్టి…" అని, మిగతాది చెప్పకుండా మిషను వైరు చుట్టుకుంది.

ఆ అమ్మాయి గుమ్మం దాటక ముందే లాల్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. "చెప్పానా! నేను చెప్పానా నీకు!" అంటూ నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే యాస్మిన్ చెయ్యి పట్టుకుంది. "ఎంత మంచి పని చేశావమ్మాయ్. ఆ సంతకం పెట్టించబట్టి సరిపోయింది. లేకపోతే వరసగా ఇట్టాంటివే!"

యాస్మిన్‌కి గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. మూడు రోజులుగా నమలకుండా మింగిన అన్నంలా అడ్డుపడి ఉన్నది అది. తప్పు చేయలేదన్నమాట. ఆ తేలికదనం ఒక నిమిషం కూడా నిలవలేదు. పసిబిడ్డకి చెవులు లేవని తెలిసి తన ఊపిరి సర్దుకుందని గ్రహించి, తన మీద తనకే అసహ్యం వేసింది.

సిద్దికా మంచం మీద నుంచి చెయ్యి ఊపుతోంది. ఏంటి? అత్త ఎందుకేడుస్తోంది? మిషను ఏం చెప్పింది?

ఈసారి యాస్మిన్ ఏదీ తగ్గించలేదు. మిషను చెప్పింది, ఆ అమ్మాయి చెప్పింది, చెప్పకుండా వదిలేసింది కూడా చెప్పింది. సిద్దికా మొహం గట్టిపడింది. బిడ్డ మొహం మీదకి వంగి చాలాసేపు చూసింది. చెవి తమ్మెని వేలితో మడిచి వదిలింది. తర్వాత ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుస్తోందనుకుని యాస్మిన్ దగ్గరికి పోయింది. సిద్దికా నవ్వుతోంది.

"నాలాగే," అని గుండె మీద తట్టుకుంది. "దీనికి నేనే అన్నీ చెప్తా. నీకు పని తగ్గిందక్కా."

షానవాజ్ అప్పటికే ఫోన్లో వీడియో కాల్ కలిపాడు. చిన్న చిన్న గళ్ళలో అతని స్నేహితులు, వాళ్ళ పెళ్ళాలు, అందరూ చెవిటివాళ్ళే. అతను బిడ్డని చూపించి సంగతి చెప్పగానే అన్ని గళ్ళలోనూ చేతులు పైకి లేచాయి. వేళ్ళు విప్పి గాలిలో గలగలా ఆడించారు. అవి వాళ్ళ చప్పట్లు. ఒకతను మాత్రం చేతులు ఆడించకుండా కళ్ళు తుడుచుకున్నాడు. షానవాజ్ అతనికి వేలు చూపించి ఏదో కోప్పడి, తర్వాత తను కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"పిచ్చెక్కిందా వీళ్ళకి?" నేల మీద నుంచి అంది లాల్‌బీ. "ఏడవాల్సింది పోయి పండగ చేసుకుంటన్నారు."

ఆ మాట విన్న మనిషి ఆ గదిలో యాస్మిన్ ఒక్కతే.

*

అయిదో రోజు మధ్యాహ్నం లాల్‌బీ టీకి కిందికి దిగింది. షానవాజ్ మందుల కొట్టుకి వెళ్ళాడు. యాస్మిన్ బత్తాయి వొలిచి తొనల మీద తెల్లటి పొర తీస్తోంది. సిద్దికా ఎడమచేత్తో బిడ్డని రొమ్ముకి పట్టుకుని, కుడిచేత్తో బిడ్డ కళ్ళ ముందు 'అమ్మ' అనే సైగ మళ్ళీ మళ్ళీ చేస్తోంది. ముక్కుపుడక చోట వేలు ఆనించడం. బిడ్డకి ఇంకా చూపు నిలవదు. అయినా చేస్తూనే ఉంది.

తర్వాత అక్క వైపు తిరిగి అంది. "రెండేళ్ళు పోయాక ఇంకొకళ్ళని కంటాం."

యాస్మిన్ తొన నోటికి అందించబోయింది. సిద్దికా వద్దంది. చేతులతో మాట్లాడేప్పుడు నోట్లో ఏదీ పెట్టనివ్వదు ఆమె.

"ఇద్దరం అనుకున్నాం. పాప ఒక్కతే ఉంటే బళ్ళోంచి వచ్చాక ఎవరితో మాట్లాడుద్ది? మేం పోయాక ఎవరితో? దీనికీ ఒకళ్ళుండాలి. నాకు నువ్వున్నట్టు."

బత్తాయి రసం యాస్మిన్ మణికట్టు మీదుగా కారుతోంది. కొంగుతో తుడుచుకుంది. చేతులు పూర్తిగా ఆరేదాకా తుడుచుకుంది. ఆ పని ఎంత సాగదీసినా సిద్దికా చూపు మరల్చలేదు.

యాస్మిన్ బిడ్డని ఊపినట్టు చేతులు ఊపింది. విడదీసింది. అడ్డంగా ఆడించింది.

సిద్దికాకి అర్థం కాలేదు. "ఎవరికి?"

"నీకు. ఆపరేషను అప్పుడే చేశారు. ఇక పుట్టరు."

"ఎవరు చెయ్యమన్నారు?"

"మీ అత్త. డాక్టరు సరేనంది." చేతులు కాసేపు ఒళ్ళో పడిపోయాయి. మళ్ళీ లేచాయి. "నేనూ సరేనన్నా. రెండో కాగితం దానికే. నువ్వే సంతకం పెట్టావు."

"నువ్వు చెప్పినదానికి పెట్టాను," అంది సిద్దికా. "బిడ్డకి అన్నావు."

"నీ మంచికే అనుకున్నా. నువ్వు పడ్డ కష్టం నేను చూశా గదా, ఇంకొకరు…"

సిద్దికా అరచెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆమె మొహంలో ఏడుపు లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుగా కనుబొమలు ముడిచింది. తర్వాత పై పెదవి మీద వేలు పెట్టి మీసం దువ్వినట్టు లాగింది. నాన్న.

"నాన్న చనిపోయేప్పుడు నేను మంచం పక్కనే ఉన్నా. నాన్న నన్ను చూస్తూ ఏదో అన్నాడు. 'చిన్నది తెలివిగలది, బతుకుద్ది' అన్నాడని నువ్వు చెప్పావు. నిజంగా అదే అన్నాడా?"

తండ్రి ఆ రోజు అన్నది వేరు. దీన్ని పైవాడు నాకంటే ముందే తీసుకుపోతే బాగుండేదన్నాడు. ఆ ముక్క ఎవరికీ చెప్పకుండా పదకొండేళ్ళుగా మోస్తోంది యాస్మిన్. అవునని చేతులెత్తడానికి ఆమెకి రెప్పపాటు ఆలస్యమైంది.

ఆ రెప్పపాటు సిద్దికాకి సరిపోయింది. బిడ్డని రెండో రొమ్ముకి మార్చుకుని గోడ వైపు తిరిగింది.

షానవాజ్ మందులతో వచ్చి భార్య మొహం చూసి సంచి కింద పెట్టాడు. ఆమె గోడ వైపు తిరిగే ఉండి, వంగి చూస్తున్న అతనికి చెప్పింది. ఒంటిచేత్తో, ముక్కలు ముక్కలుగా. అతను రెండుసార్లు అడిగి, మంచం అంచు పట్టుకుని నిలబడిపోయాడు. టీ గ్లాసుతో లోపలికొస్తున్న తల్లికి ఎదురెళ్ళి, ఆమె మొహం ముందు చేతులాడించాడు. అంత వేగంగా అతను మాట్లాడటం యాస్మిన్ ఎప్పుడూ చూడలేదు.

"ఏమంటన్నాడు వీడు?" లాల్‌బీ బెదిరిపోయి యాస్మిన్ని అడిగింది. "ఏమైందమ్మాయ్, ఏమంటన్నాడు?"

"'మమ్మల్ని అడిగావా' అంటున్నాడు. 'నన్ను కన్నందుకు ఇన్నాళ్ళూ ఏడుస్తూనే ఉన్నావా' అంటున్నాడు."

లాల్‌బీ రెండో చేత్తో యాస్మిన్ భుజం పట్టుకుంది. "నీ మేలుకే చేశానని చెప్పు వాడికి. చెప్పమ్మాయ్. ఒక్కసారి చెప్పు."

యాస్మిన్ చేతులు లేవలేదు. లాల్‌బీ గ్లాసు కింద పెట్టి, కొడుకు గడ్డం పట్టుకుని, తనే ఏదో చెప్పబోయింది. వేళ్ళు గాలిలో తడుముకున్నాయి. గుండె మీద కొట్టుకుంది, పైకి చూపించింది, బిడ్డని చూపించింది. అదేం మాటో అతనికి తెలియలేదు. ఆమె చేతులు మెల్లగా విడిపించుకుని బయటికి పోయాడు.

*

మర్నాడు పొద్దున పంపించేశారు. సిద్దికా కాన్పు తర్వాత దర్శి రావాలని, నలభై రోజులు అక్క దగ్గరే ఉండాలని ముందు అనుకున్నది. షానవాజ్ మార్టూరుకి ఆటో మాట్లాడాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా సంచులన్నీ అందులో పెట్టించాడు. లాల్‌బీ ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఒదిగి కూర్చుంది.

కౌంటర్ దగ్గర నర్సు మందుల చీటీ పరిచి గడగడా చెబుతోంది. షానవాజ్ తన ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె మాటలు తెర మీద అక్షరాలై పడుతుంటే మొగుడూ పెళ్ళాలిద్దరూ తలలు ఆనించి చదువుతున్నారు. తప్పుల తడక. 'కుట్లు తడవకూడదు' అని నర్సు అంటే 'కుక్కలు తడవకూడదు' అని పడింది. ఇద్దరూ మొహాలు చూసుకుని, మళ్ళీ చెప్పమని ఫోను ముందుకు జరిపారు.

"ఎన్నిసార్లు చెప్పాలండీ?" నర్సు విసుక్కుంది. గోడకి ఆనుకుని నిలబడ్డ యాస్మిన్ని చూసి గొంతు పెంచింది. "ఏమ్మా, మీరు వీళ్ళ తాలూకే గదా? ఆవిడకి మీరు చెప్పొచ్చుగా!"

యాస్మిన్ అలవాటు కొద్దీ ముందుకొచ్చింది. కుట్లు తడవకూడదు. వారం పోయాక మళ్ళీ రావాలి. అంతే చెప్పాల్సింది. అందులో తగ్గించేదీ దాచేదీ ఏమీ లేదు. చెల్లెలి ఎదురుగా నిలబడి చేతులెత్తింది.

సిద్దికా ఒకసారి ఆ చేతుల వంక చూసింది. బిడ్డని భుజం మీద సర్దుకుని కళ్ళు మూసుకుంది.

నర్సుకి ఏమీ అర్థం కాలేదు. ఇద్దరి వంకా చూసి, నిట్టూర్చి, ఫోను దగ్గరికి లాక్కుని ఒక్కో మాటా విడదీసి మళ్ళీ మొదట్నించీ చెప్పసాగింది. యాస్మిన్ చేతులు దించేదాకా సిద్దికా కళ్ళు తెరవలేదు.